అడపం దించిన తరువాత

ఒకప్పుడు మన పట్టణాల్లో ఆసుపత్రి బోర్డు మీద ఎఫ్.ఆర్.సి.ఎస్. అన్న అక్షరాలు కనిపిస్తే ఆ వీధికే ఒక హోదా. సీమలో చదివొచ్చిన డాక్టరుగారని పక్క ఊళ్ళవాళ్ళు కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ అక్షరాలిచ్చే సంస్థలు బ్రిటన్, ఐర్లండ్‌లలో నాలుగున్నాయి. వాటిలో ఒకటి లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఆఫ్ ఇంగ్లండ్. దాని పుట్టుక గురించి వైద్య విద్యార్థులకు తరతరాలుగా చెబుతున్న కథ ఒకటుంది. శస్త్రవైద్యులు వందల ఏళ్ళు క్షురకులతో ఒకే సంఘంలో ఇరుక్కుని అణగారి ఉన్నారనీ, 1745లో విడిపోయి తలెత్తుకున్నారనీ, 1800లో రాజపత్రం పొంది కాలేజీ అయ్యారనీ, అక్కణ్ణుంచి అంతా వెలుగేననీ ఆ కథ సారాంశం. ‘శస్త్రం’లో మొదటి అక్షరానికి దీర్ఘమిస్తే ‘శాస్త్రం’ అయినంత సులువుగా అంతా జరిగిపోయినట్టుంటుంది.

ఈ కథలో తేదీలకు ఢోకా లేదు. ఒక తేదీకీ ఇంకో తేదీకీ మధ్య వేసిన ముళ్ళే సరిగా లేవు.

క్షురకుల సావాసం శస్త్రవిద్యకు మచ్చ అన్న మాటను తెలుగువాళ్ళం మొదటే అనుమానించాలి. మన పల్లెల్లో మంగలి అడపంలో క్షవరం కత్తి పక్కనే గడ్డలు కోసే చురకత్తీ ఉండేది. పుండు కడిగి కట్టు కట్టేది ఆయనే. కాన్పు చేసే మంత్రసాని చాలా ఊళ్ళలో ఆ ఇంటి ఆడమనిషే. కత్తి పదును, చేతి నిలకడ, నెత్తురు చూసి బెదరని గుండె ఉన్నవాడి దగ్గరికే జనం పోయారు. ఐరోపాలోనూ అంతే. పుస్తకం చదివిన వైద్యుడు నాడి చూసి, సీసాలో మూత్రం పరీక్షించి మందు చెప్పేవాడు. నెత్తురంటే పని కత్తి పట్టినవాడిది.

పైగా ఆ ఉమ్మడి సంఘాలు చదువుకు శత్రువులేమీ కావు. ఎడిన్‌బరోలో క్షురకులూ శస్త్రవైద్యులూ కలిసి 1505లో పట్టణ సభ నుంచి పత్రం పుచ్చుకున్నారు. సంఘంలో చేరేవాడికి చదవడం, రాయడం వచ్చి ఉండాలని, శరీర నిర్మాణం తెలిసి ఉండాలని అందులో షరతు. పాఠం కోసం ఏడాదికి ఒక ఉరిపడ్డ నేరస్థుడి శవం ఇవ్వాలని కూడా రాసుకున్నారు. పట్టణంలో విస్కీ కాచి అమ్మే గుత్తహక్కూ వాళ్ళకే దక్కింది, అది వేరే ముచ్చట.

లండన్‌లో ఎనిమిదో హెన్రీ కాలాన, 1540లో, పార్లమెంటు చట్టంతో క్షురకుల కంపెనీ, శస్త్రవైద్యుల సమాజం ఒక్కటయ్యాయి. కంపెనీ అంటే ఇక్కడ వ్యాపార సంస్థ అని అర్థం కాదు. మన శాసనాల్లో కనిపించే శ్రేణి లాంటిది, ఒక వృత్తివాళ్ళ కట్టుబాటు. ఆ చట్టాన్ని ఎవరూ సరిగ్గా చదవరు. క్షురకుడు పన్ను పీకడం తప్ప మరే శస్త్రకర్మా చేయకూడదని, శస్త్రవైద్యుడు క్షవరం చేయకూడదని అందులోనే ఉంది. అంటే గొడుగు ఒకటైన రోజునే పనులు విడిపోయాయి. ఏటా నలుగురు ఉరిపడ్డవాళ్ళ శవాలను ఈ కంపెనీకి కేటాయించారు. హోల్బైన్ వేసిన పెద్ద చిత్రంలో రాజు చేతి నుంచి పత్రం అందుకుంటున్నవాడు థామస్ వికరీ అనే శస్త్రవైద్యుడు. 1630లలో ఈ కంపెనీయే ఇనిగో జోన్స్ అంతటి వాస్తుశిల్పి చేత శవచ్ఛేద ప్రదర్శనశాల కట్టించుకుంది. ఎడ్వర్డ్ ఆరిస్ అనే సభ్యుడు డబ్బిచ్చి ఏటేటా శరీరశాస్త్ర ఉపన్యాసాలు ఏర్పాటు చేశాడు.

ఇదంతా చెప్పి ఉమ్మడి కంపెనీని సత్యకాలపు గురుకులంగా నిలబెట్టాలని నాకు లేదు. దాని పరీక్ష ఎంత తమాషాగా ఉండేదో స్మోలెట్ తన ‘రోడరిక్ రాండమ్’ నవలలో ఎగతాళి చేశాడు. తానూ ఆ పరీక్షకు కూర్చున్నవాడే. తన హాలు బయట ఎవరు శవం కోసినా కంపెనీ ఊరుకునేది కాదు. విలియం చెసల్డెన్ తన ఇంట్లో పాఠాలు చెప్పి శవాలు కోశాడని 1714లో పిలిచి మందలించింది. విద్యను తన ముంగిట్లోనే కట్టేసుకోవాలన్న ఆ పట్టుదల వల్ల లండన్ నష్టపోయింది. కానీ ఆ ముంగిట్లో విద్య అంటూ ఒకటి ఉండేది. మామూలు కథనాలు దాటేసేది ఈ మాటనే.

మరి 1745లో ఎందుకు విడిపోయారు? పారిస్‌ను చూసి అంటారు. నిజమే, ఫ్రాన్సులో 1743లో రాజశాసనంతో శస్త్రవైద్యులు క్షురకుల నుంచి వేరుపడ్డారు. అయితే అక్కడ ముందు జరిగినదేమిటో చూడాలి. 1724లోనే పారిస్‌లో శస్త్రవిద్య బోధించడానికి ఐదుగురు ఉపాధ్యాయులను నియమించారు. 1731లో శస్త్రవైద్య అకాడమీ వెలిసింది. కాపురం వేరుపడే నాటికి కొత్త ఇంట్లో పొయ్యి అంటుకుని ఉంది. లండన్‌వాళ్ళు అనుకరించింది వేరుపడటాన్ని ఒక్కటే. రాజుగారి శస్త్రవైద్యుడు జాన్ రాన్బీ ముందుండి నడిపించాడు. ముప్పై ఏళ్ళ కిందట మందలింపు తిన్న చెసల్డెన్ తోడు నిలిచాడు. అన్నదమ్ముల పంపకాల్లో హాలు, వెండి సామాను, పుస్తకాలు, హోల్బైన్ చిత్రం, ఇనిగో జోన్స్ ప్రదర్శనశాల అన్నీ క్షురకుల వాటాకు పోయాయి. శస్త్రవైద్యులకు మిగిలినవి ఆరిస్, గేల్ అనే ఇద్దరు దాతల నిధులు. కొత్త కంపెనీ తొలి సమావేశాలు అద్దె నీడన, పుస్తక వ్యాపారుల హాల్లో జరిగాయి.

తరువాత ఓల్డ్ బెయిలీలో, న్యూగేట్ జైలు పక్కన సొంత హాలు కట్టుకున్నారు. జైలు పక్కనే ఎందుకంటే ఉరికంబం నుంచి శవం తెచ్చుకోవడం తేలిక. 1752లో వచ్చిన చట్టం హంతకుల శవాలను శస్త్రవైద్యులకు అప్పగించాలంది. శవాలు సమృద్ధిగా వచ్చే చోటు దొరికింది, కోసి చూపించే హక్కు దొరికింది. పాఠం మాత్రం సాగలేదు. ఇది నా ఆరోపణ కాదు. 1790లో పదవి దిగిపోతూ కంపెనీ మాస్టర్ జాన్ గన్నింగ్ తన తోటివాళ్ళ ముందే కుండబద్దలు కొట్టాడు. ప్రదర్శనశాలలో ఉపన్యాసాల్లేవని, పుస్తకాల్లేని గ్రంథాలయం గుమాస్తా ఆఫీసు అయిందని, సంఘం గది భోజనశాలగా మారిందని ఆయన మాటల భావం. నలభై అయిదేళ్ళ స్వాతంత్ర్యం మీద ఇంటి పెద్దే ఇచ్చిన తీర్పు అది.

కంపెనీ ఆ కాలంలో శ్రద్ధగా చేసిన పని పరీక్షలు. బోధన లేని పరీక్షకు ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ. యుద్ధనౌకలకు శస్త్రవైద్యులు కావాలి, సైన్యానికి కావాలి. ఓడల మీద పనికి పోయే కుర్రాళ్ళు ఓల్డ్ బెయిలీ హాల్లో పెద్దల ముందు కాసేపు నిలబడి, నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి, రుసుము కట్టి కాగితం పట్టుకెళ్ళేవారు.

ఆ హాలుకు 1758 డిసెంబరులో ఒక పేద ఐరిష్ యువకుడు వచ్చాడు. కోరమండల్ తీరంలో, అంటే మన సముద్రపొడ్డునే, ఈస్టిండియా కంపెనీ స్థావరంలో వైద్యుడి కొలువు చేతికందినట్టే అంది జారిపోయింది. ఆసుపత్రి సహాయకుడి పనికైనా అర్హత దొరుకుతుందేమోనని పరీక్షకు కూర్చున్నాడు. పనికిరాడని పుస్తకంలో రాశారు. అతని పేరు ఆలివర్ గోల్డ్‌స్మిత్. ఎనిమిదేళ్ళ తరువాత ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ అచ్చయింది. ఆ నవల స్ఫూర్తితోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. కంపెనీ పరీక్షకులు తెలుగు నవలకు చేసిన ఉపకారం ఇది. శస్త్రవిద్యకు వాళ్ళు ఆ యాభై ఏళ్ళలో ఇంతటి మేలు చేశారని రుజువు చేయడం కష్టం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని పక్కన పెట్టలేను. లండన్ శరీరశాస్త్ర బోధనకు మహర్దశ పట్టింది ఈ యాభై ఏళ్ళలోనే కదా అంటారు. విలియం హంటర్ పారిస్ పద్ధతిలో, విద్యార్థి తన చేత్తోనే శవం కోసి నేర్చుకునేలా, సొంత పాఠశాల మొదలుపెట్టింది 1746లో. అంటే విడిపోయిన మరుసటి ఏడాదే. ఉమ్మడి కంపెనీ గుత్తహక్కు తెగిపోకపోతే ఇది సాధ్యమయ్యేదా? సాధ్యమయ్యేది కాదేమో. వేర్పాటు వల్ల కలిగిన మేలు అదొక్కటని ఒప్పుకుంటాను. అయితే ఆ మేలు కొత్త కంపెనీ పూనుకుని చేసింది కాదు. పట్టు సడలిన కాపలాదారు కునుకు తీస్తుంటే తోటలో పిల్లలు చెట్లెక్కి పళ్ళు తిన్నారు. ఆ పళ్ళ రుచికి కాపలాదారును మెచ్చుకోవడం మాత్రం న్యాయం కాదు. విలియం తమ్ముడు జాన్ హంటర్ అన్న దగ్గర నేర్చుకున్నాడు, ఆసుపత్రుల్లో నేర్చుకున్నాడు, సైన్యంతో పోయి తుపాకి గాయాలు చూశాడు. కంపెనీ డిప్లొమా పుచ్చుకునే నాటికి, 1768లో, ఆయన వయసు నలభై. అప్పటికే ఆయనకు ఆ కాగితంతో నేర్చుకోవలసిందేమీ మిగల్లేదు.

కంపెనీ చావు కూడా దాని బతుకులాగే సాగింది. 1796లో చట్టం కోరిన పెద్దలు హాజరు లేకుండానే ఒక సమావేశం జరిపారు. దాంతో కంపెనీ చట్టబద్ధతే ప్రశ్నార్థకమైంది. దిద్దుకుందామని మరుసటి ఏడాది పార్లమెంటుకు బిల్లు తీసుకుపోతే ప్రభువుల సభలో వీగిపోయింది. ఎదిరించినవాళ్ళలో సాటి శస్త్రవైద్యులూ ఉన్నారు.

దిక్కుతోచని ఆ సంస్థను నిలబెట్టింది ఒక చనిపోయిన మనిషి ఆస్తి. జాన్ హంటర్ 1793లో పోతూ పదమూడు వేలకు పైగా నమూనాలు, బోలెడు అప్పులు వదిలాడు. సీసాల్లో అవయవాలు, ఎముకలు, జంతువుల దేహాలు, రోగం తిన్న రక్తనాళాలు. విలియం క్లిఫ్ట్ అనే కుర్రవాడు వారానికి ఏడు షిల్లింగుల జీతంతో ఆరేళ్ళపాటు వాటిని ఎలుకల నుంచి, చెమ్మ నుంచి కాపాడాడు. 1799లో ప్రభుత్వం ఆ సంగ్రహాన్ని 15,000 పౌండ్లకు కొని శస్త్రవైద్యుల కంపెనీకి అప్పగించింది. ఊరికే ఇవ్వలేదు. ఏడాదికి 24 ఉపన్యాసాలు ఇప్పించాలి, నమూనాల జాబితా తయారుచేయాలి, చూడవచ్చేవాళ్ళకు తలుపు తీయాలి, పై నుంచి ధర్మకర్తలు చూస్తుంటారు. ఆ మరుసటి ఏడాదే మూడో జార్జి రాజపత్రంతో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పుట్టింది. కాలేజీ పుట్టింది కాబట్టి మ్యూజియం వచ్చిందని చెబుతారు. వరస చూస్తే మ్యూజియం చేతికొచ్చాకే కాలేజీకి పరువు వచ్చింది. యాభై ఏళ్ళుగా తనంతట తాను చెప్పించని పాఠాన్ని ఒక దస్తావేజులోని షరతు చెప్పించింది.

ఆ షరతునైనా ఎంత నిజాయితీగా పాటించారు? హంటర్ బావమరిది ఎవరార్డ్ హోమ్ కాలేజీలో ఆచార్యుడు, తరువాత దాని అధ్యక్షుడు. జాబితా తయారుచేస్తానని హంటర్ రాతప్రతులు ఇంటికి తీసుకుపోయి, వాటిలోని విషయాలు తన పేరున అచ్చువేసుకుని, 1823లో ప్రతులను తగలబెట్టాడు. క్లిఫ్ట్ ముందుచూపుతో కొంతభాగం చేత్తో నకలు రాసి ఉంచబట్టి ఆ మాత్రమైనా మిగిలింది. పెద్దలు పదవిలో, విద్య క్లిఫ్ట్ చేతిలో ఉన్న కాలమది.

శస్త్రకర్మలో అప్పుడు వచ్చిన ఒక పెద్ద అడుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే ఇంకో పక్షం కనిపిస్తుంది. మూడో మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యపు బండ్లు తోలే కావస్జీ అనే అతను టిప్పు సుల్తాను మనుషులకు చిక్కాడు. అతని ముక్కు కోసేశారు. తరువాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులస్థుడొకడు నుదుటి చర్మం దించి ముక్కు కట్టాడు. 1794లో ఆ వివరం బొమ్మతో సహా ఒక లండన్ పత్రికలో వచ్చింది. చదివి, ఇరవై ఏళ్ళు కాచుకుని, 1814లో ఆ పద్ధతిలో ఇంగ్లండులో ముక్కు కట్టినవాడు జోసెఫ్ కార్ప్యూ, సొంతంగా శరీరశాస్త్రం చెప్పుకునే ఉపాధ్యాయుడు. మట్టి పనివాడి చేతి విద్య సముద్రాలు దాటి లండన్ చేరింది. దానికి కంపెనీ ముద్ర అవసరం కాలేదు.

కాలేజీని నిజంగా మార్చినవాళ్ళు దాని మీద తిరగబడ్డవాళ్ళు. వాళ్ళలో మొదటివాడు థామస్ వాక్లీ. 1823 అక్టోబరులో ‘ద లాన్సెట్’ పత్రిక పెట్టాడు. గడ్డలు కోసే చిన్నకత్తి పేరే పత్రికకు పెట్టాడు, కోసింది మాత్రం పెద్దల గుట్టు. కాలేజీ పాలకమండలిలో 21 మంది. ఒకసారి కూర్చుంటే జీవితాంతం కూర్చున్నట్టే. ఖాళీ వస్తే మిగిలినవాళ్ళే తమకు నచ్చినవాణ్ణి నింపుకునేవారు. వాళ్ళే పెద్ద ఆసుపత్రుల శస్త్రవైద్యులు, వాళ్ళే పరీక్షకులు. ఫలానా ఆసుపత్రుల్లో, ఫలానావారి దగ్గర చదివితేనే పరీక్షకు రానిస్తామని 1820లలో నిబంధనలు వాళ్ళే పెట్టారు. చిన్న ప్రైవేటు పాఠశాలలు దెబ్బతిన్నాయి, విద్యార్థుల ఫీజులు నిబంధన రాసినవాళ్ళ జేబుల్లోకే చేరాయి. డిప్లొమా పొందిన వేలాది సభ్యులకు ఓటు లేదు, తమ కాలేజీలోకి ముందు గుమ్మం నుంచి రానిచ్చేవారు కాదు. 1831లో నౌకాదళ వైద్యుల పరువు విషయమై కాలేజీ ఉపన్యాసశాలలోనే నిలదీస్తే వాక్లీని పోలీసులు బయటికి ఈడ్చారు.

వాక్లీ భాష మొరటు, లెక్కలు కొన్నిసార్లు అతి. బంధుప్రీతి మీద అతను రాసినదంతా అక్షరాలా నమ్మాల్సిన పని లేదు. కాలేజీ వైపు కూడా ఒక మాట ఉంది, ప్రైవేటు పాఠశాలల్లో కొన్ని శవాల దొంగల మీద ఆధారపడి నడిచినవే. 1828లో ఎడిన్‌బరోలో శవాలు అమ్ముకోవడానికి బర్క్, హేర్ అనేవాళ్ళు చేసిన హత్యలు బయటపడ్డాకే 1832 చట్టం వచ్చింది. ఆ చట్టం బీదలసత్రాల్లో దిక్కులేకుండా పోయినవాళ్ళ దేహాలను శవచ్ఛేదానికి ఇప్పించింది. అంతకుముందు హంతకుడికి వేసిన శిక్ష ఇప్పుడు పేదరికానికి వేసినట్టయింది. ఇందులో కాలేజీ ఒక్కటే పాపి అనలేం. 

1843లో కొత్త రాజపత్రం వచ్చింది. సంస్థ పేరులో ఇంగ్లండు చేరింది, జీవితకాలపు పదవులకు గడువు పడింది, ఫెలో అనే పై మెట్టు పుట్టింది. మన బోర్డుల మీది అక్షరాల జన్మస్థలం అదే. మొదటి 300 మంది ఫెలోలను పరీక్ష లేకుండా పాలకమండలే ఎంచింది. పాలకమండలికి ఓటు వేసే హక్కు రాజపత్రం ఫెలోలకే ఇచ్చింది. ఓటు అడిగిన సభ్యులకు ఒక మెట్టు కిందున్నారని కొత్తగా గుర్తుచేసింది. దీన్ని సంస్కరణ అని పుస్తకాలు రాస్తాయి. సగం సంస్కరణ, సగం గోడకు మరమ్మతు అంటే సరిపోతుంది.

ఆ తరువాతి కథ వేగంగా చెప్పొచ్చు. 1858 వైద్య చట్టంతో ఎవరు డాక్టరో తేల్చే పట్టిక జాతీయ మండలి చేతికి పోయింది, కాలేజీ పరీక్షల మీద నిలబడింది. 1876లో ముగ్గురు స్త్రీలు, సోఫియా జెక్స్-బ్లేక్, ఈడిత్ పీచీ, ఇసబెల్ థార్న్, కాలేజీ ఇచ్చే ప్రసూతి లైసెన్సు పరీక్షకు దరఖాస్తు పెట్టారు. చట్టప్రకారం కాదనే వీల్లేదు. ఆడవాళ్ళను పరీక్షించడం కన్నా రాజీనామా మేలని పరీక్షకులంతా మూకుమ్మడిగా తప్పుకున్నారు. కాన్పు చేసే విద్యలో ఆడవాళ్ళు పనికిరారని! మా మంత్రసానులు వింటే నోరు నొక్కుకునేవారు. పీచీ తరువాత బొంబాయి వచ్చి కామా ఆసుపత్రిలో పనిచేసింది. ఎలినార్ డేవిస్-కోలీ తొలి మహిళా ఫెలో అయింది 1911లో.

మన దేశంలో 1938లో అసోసియేషన్ ఆఫ్ సర్జన్స్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. అది సభలు జరుపుతుంది, పత్రిక నడుపుతుంది. వృత్తిలోకి రావడానికి తాళంచెవి మాత్రం దాని దగ్గర ఎన్నడూ లేదు. డిగ్రీలు విశ్వవిద్యాలయాలవి, జాతీయ పరీక్షల మండలివి. ఆ తాళంచెవి లేకపోవడం అదృష్టమేనని లండన్ చరిత్ర చదివాక నాకు అనిపిస్తుంది. కానీ సీమ అక్షరాల మోజు మనకు తగ్గలేదు. ఎఫ్.ఆర్.సి.ఎస్. ఇవాళ ఒకే దారిలో రాదు. ఏళ్ళ తరబడి శిక్షణ పొంది, చివర కఠినమైన పరీక్ష గెలిచినవారికి వస్తుంది. పరీక్ష లేకుండా, అనుభవమూ హోదా చూసి ఇచ్చే దారీ ఉంది. బోర్డు కింద నిలబడ్డ రోగికి ఈ రెండింటికీ తేడా తెలిసే మార్గం లేదు. తెలియజేయవలసిన కాలేజీలకు దాని మీద పెద్ద ఆత్రం ఉన్నట్టూ కనబడదు.

తప్పు ఎత్తిచూపే పని ఈ మధ్య కూడా మొదట కాలేజీ చేయలేదు. బ్రిస్టల్‌లో పసిపిల్లల గుండె శస్త్రచికిత్సల్లో మరణాలు ఎక్కువవుతున్నాయని మొదట గట్టిగా అడిగింది ఆ ఆసుపత్రిలో మత్తు ఇచ్చే వైద్యుడు స్టీఫెన్ బోల్సిన్. విచారణ నివేదిక 2001లో వచ్చింది. 2021లో కాలేజీ తానే కోరి చేయించుకున్న సమీక్షలో, నాయకత్వం ఒక వర్గపు మగవాళ్ళ చేతిలోనే ఉండిపోయిందని హెలెనా కెనడీ తేల్చింది. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో, జవాబిచ్చిన మహిళా శస్త్రవైద్యుల్లో మూడింట రెండు వంతులకు దగ్గరగా తోటివాళ్ళ లైంగిక వేధింపుకు గురయ్యామన్నారు. కాలేజీ సిగ్గుపడింది, మాటిచ్చింది. సమీక్ష కోరినందుకు మెచ్చుకోవాల్సిందే, గన్నింగ్ కాలంలో అంత మాత్రమూ లేదు.

ఇక ఆ మ్యూజియం. 1941 బాంబు దాడిలో చాలా భాగం పోయింది. మిగిలింది 2017లో మూతపడి, 2023లో మళ్ళీ తలుపు తెరిచింది. అందులో ఇదివరకు చార్లెస్ బర్న్ అస్థిపంజరం నిలబడి ఉండేది. ఏడున్నర అడుగులకు పైబడ్డ ఐరిష్ మనిషి. తన దేహం శరీరశాస్త్రజ్ఞులకు చిక్కకూడదని, సముద్రంలో ముంచేయమని మిత్రులను బతిమాలుకుని 1783లో చనిపోయాడు. హంటర్ డబ్బిచ్చి దారిలోనే దేహం తెప్పించుకున్నాడు. రెండు వందల ఏళ్ళకు పైగా చూపరుల ముందు నిలబెట్టిన ఆ ఎముకలను కొత్త మ్యూజియంలో చూపించడం లేదు. సముద్రంలోనూ కలపలేదు. పరిశోధన కోసమని కాలేజీ లోపల దాచుకుంది.